మేకన్ జిల్లా ప్రముఖులు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణమున అలబామా యను రాష్ట్రము కలదు. అందలి మేకన్ కౌంటీ 1832వ సంవత్సరమున ఏర్పడినది. అంతకుముందు అది క్రీకులను ఆదివాసుల భూమి. కౌంటీ యనిన జిల్లాయే గాని, మన జిల్లాలవలె పెద్దది కాదు. 2020వ సంవత్సరపు జనాభా లెక్కలలో అందలి ప్రజలు 19,532 మంది మాత్రమే. దానికి ముఖ్యపట్టణము టస్కీగీ. ఆ యూరి పేరు చెప్పగనే బుకర్ వాషింగ్టన్ స్మరణకు వచ్చును. అయినను మేము ముందుగా చెప్పదలచినది ఆయనను గూర్చి కాదు, ఒక రేకుపనివానిని గూర్చి.

లూయీ ఆడమ్స్ 1842వ సంవత్సరమున బానిసగా పుట్టెను. బడిలో కూర్చుండి చదివిన దినము లేకున్నను చదువను వ్రాయను నేర్చుకొనెను. రేకుపనియు, చెప్పులు కుట్టుటయు, గుఱ్ఱములకు తోలుసామాను చేయుటయు ఆయన వృత్తులు. బానిసత్వము తొలగిన కొలదికాలమునకే నల్లజాతి పురుషులకు ఓటుహక్కు కలిగెను. 1880లో ఫాస్టరను అభ్యర్థి, దాస్యమును నిలుపుటకై పోరాడిన సైన్యమున పూర్వము పనిచేసినవాడు, ఆడమ్స్ నొద్దకు వచ్చి మీవారి ఓట్లు నాకు వేయించినచో ఏమి కావలెనని యడిగెను. ధన మడుగవచ్చును, ఉద్యోగ మడుగవచ్చును. ఆడమ్స్ తనవారికొక పాఠశాలను కోరెను. ఓటును బేరము పెట్టుట తగునా యని మా విద్యార్థులు ప్రశ్నింతురేమో. తగదనియే మేమును చెప్పుదుము. కాని ఆ బేరములో ఆడమ్స్ తనకొఱకు ఒక్క కాసైనను ఉంచుకొనలేదు.

ఫాస్టరు గెలిచి మాట నిలుపుకొనెను. శాసనసభవారు ఏటేట 2,000 డాలర్లు మంజూరు చేసిరి. అదియు ఉపాధ్యాయుల జీతములకే. భూమికి గాని కట్టడమునకు గాని యేమియు లేదు. ఆడమ్సును, పూర్వము బానిసలను గలిగియుండిన జార్జి కాంబెల్ అను వర్తకుడును చేరి, ఉపాధ్యాయునొకనిని పంపుడని హాంప్టన్ విద్యాలయమువారిని కోరిరి. అట్లు వచ్చినవాడు ఇరువదియైదేండ్ల బుకర్ వాషింగ్టన్.

1881 జూలై 4వ తేదీన 30 మంది విద్యార్థులతో, దేవాలయము చెంతనున్న శిథిలమైన పాకలో బడి మొదలయ్యెను. వాన వచ్చినప్పుడు విద్యార్థి యొకడు పాఠము మాని లేచి ఉపాధ్యాయునికి గొడుగు పట్టవలసివచ్చెడిది. పిమ్మట పొలము కొని, కట్టడములకు ఇటుకలను విద్యార్థులచేతనే చేయింప బూనిరి. మోకాలిలోతు మట్టిలో దిగుట ఎవ్వరికి నిష్టము? మొదటి ఆవమునకు 25,000 ఇటుకలు పేర్చి కాల్చిరి, అది చెడెను. రెండవదియు చెడెను. మూడవది కాల్పు ముగియవచ్చు సమయమున కూలిపోయెను. చేత డబ్బు లేక వాషింగ్టన్ మాంట్‌గోమరీ పట్టణమునకు పోయి తన గడియారమును 15 డాలర్లకు కుదువబెట్టెను. నాలుగవ ఆవము కుదిరెను. గడియారము మాత్రము మఱల ఆయన చేతికి రాలేదు. బిడ్డలను చదువుకు పంపితిమి గాని కూలికి పంపలేదని తలిదండ్రులు జాబులు వ్రాసిరట. మన పాఠశాలతోటలో పార పట్టించినప్పుడు మాకును అట్టి జాబులు రాకపోలేదు.

వాషింగ్టన్ పిలువగా 1896లో జార్జి వాషింగ్టన్ కార్వర్ వచ్చెను. ఏటేట ప్రత్తియే వేసి వేసి ఆ నేల నిస్సారమై యుండెను. అలసందలును వేరుశనగయు మార్చి మార్చి వేయుడని ఆయన రైతులకు బోధించెను. ఈ మొక్కల వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలియందలి నత్రజనిని నేలకు చేర్చును. రాయలసీమ విద్యార్థులు వేరుశనగ మొక్కను పెఱికి ఆ బుడిపెలను తామే చూడవచ్చును. రైతులు బడికి రాలేరు గనుక 1906లో బడియే బండియెక్కి పల్లెలకు పోయెను. 1916లో కార్వర్ వేరుశనగతో 105 వంటకములను తెలుపు చిన్న పుస్తకమును ప్రకటించెను. వేరుశనగ వెన్నను ఆయనయే కనిపెట్టెనని పలువురందురు. అది నిజము కాదు.

రోజా పార్క్స్ 1913లో టస్కీగీలో జన్మించెను. 1955లో బస్సులో తన స్థానమును విడువనని ఆమె పలికినది మాత్రము మాంట్‌గోమరీలో.

ఆడమ్స్ బేరమునకు ఆధారమైన ఓటుహక్కు ఏమయ్యెను? 1901వ సంవత్సరపు అలబామా రాజ్యాంగము దానిని నల్లవారిలో నూటికి తొంబదిమందికి పైగా లేకుండ చేసెను. ఎన్నో యేండ్ల శ్రమచే టస్కీగీ పట్టణమున సుమారు 400 మంది దానిని మఱల సంపాదించిరి. అంతట 1957లో శాసనసభవారు చతురస్రముగా నుండిన పట్టణపు ఎల్లను ఇరువదియెనిమిది భుజముల వింత ఆకారముగా మార్చిరి. నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందఱును ఊరి వెలుపల పడిరి, తెల్లవాడొక్కడైనను పడలేదు. విద్యాలయము సైతము వెలుపలనే యయ్యెను. అందు సమాజశాస్త్రము బోధించు చార్లెస్ గొమిలియన్ వ్యాజ్యము వేసెను. 1960లో అత్యున్నత న్యాయస్థానమువారు ఆయన పక్షమున ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. రేఖాగణితము పరీక్షకు మాత్రమే పనికివచ్చునని తలంచువారు ఆ పటమును ఒకసారి చూడవలెను.

ప్రముఖులలో చేర్పబడనివారును ఆ జిల్లాలో కలరు. 1932 మొదలు 1972 వఱకు ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు సుమారు 600 మంది బీద నల్లజాతి పురుషులను ఒక పరిశోధనకు తీసికొనిరి. వారిలో 399 మందికి సవాయిరోగము కలదు. రక్తము చెడినదని మాత్రము చెప్పి, వైద్యము చేయుచున్నామని నమ్మించిరి. పెనిసిలిన్ ఆ రోగమునకు తగిన మందని తేలిన పిమ్మటను వారికి దాని నీయలేదు. రోగము ముదురుట చూచుటయే వారి ఉద్దేశము. ఇందు విద్యాలయమును సహకరించెను. ఈ మాట దాచుట న్యాయము కాదు. 1972లో పత్రికలవలన సంగతి బయటపడెను. 1997 మే 16వ తేదీన అధ్యక్షుడు క్లింటన్ దేశము పక్షమున క్షమాపణ వేడెను. అప్పటికి బ్రదికియున్నవారు ఎనమండుగురు; ఆ సభకు వచ్చినవారు ఐదుగురు. వారి తరఫున లేచి మాటలాడినవాడు 94 ఏండ్ల హెర్మన్ షా.