కొండమీద మాట

ఉదయగిరి దుర్గం ఎత్తయిన కొండ. ఎత్తు 3,079 అడుగులు. కొండమీద పాత కోట ఉంది. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఆ కోటను గెలిచాడు.

ఆత్మకూరు పక్క పల్లె నుంచి పొదుపు సంఘం ఆడవాళ్లు పన్నెండు మంది కోట చూడబోయారు. వయసులో ఉన్నవాళ్లు గబగబా ఎక్కిపోయారు. ఒక పెద్దామె, ఆమె కోడలు వెనకబడ్డారు. రాళ్లలో పెద్దామె కాలు మడతపడింది. కోడలు కేకలేసింది. ఎవరికీ వినపడలేదు. సెల్లు తీసింది. సిగ్నల్ లేదు. అత్తను వదిలి పోలేదు. నీళ్ల బాటిలేమో ముందువాళ్ల దగ్గరుంది. ముందువాళ్లు తిరిగొచ్చేసరికి గంట దాటింది.

"ఏందక్కా, ఒక్క మాట చెప్పుంటే ఆగేవాళ్లం గదా!"

"యాడ చెప్పేది? గొంతు పోయేదాకా అరిచినా."

ఆ మాట అందరికీ గుచ్చుకుంది. వాకీటాకీలు కొనాలనుకున్నారు.

వాకీటాకీ అంటే చేతిలో పట్టుకొని మాట్లాడే రేడియో సెట్టు. దీనికి టవర్ అక్కర్లేదు. సిమ్ అక్కర్లేదు. బిల్లు రాదు. ఒక సెట్టు నుంచి ఇంకో సెట్టుకు మాట నేరుగా పోతుంది.

ఆ కోడలు, ఇంకో ఇద్దరు కలిసి నెల్లూరుకు పోయారు. కొట్టు అతను పెద్ద సెట్టు చూపించాడు.

"ఇది తీసుకోండమ్మా. 5 వాట్లు. పది కిలోమీటర్లు వినపడుద్ది."

కోడలు పెట్టె తిప్పి చూసింది. రాసింది ఇంగ్లీషులో. కానీ అంకెలు ఆమెకు వచ్చు. "అన్నా, దీనిమీద 446 లేదే? దీనికి లైసెన్సు కావాలా?" అని అడిగింది. అతను "కావాలమ్మా" అని ఒప్పుకున్నాడు. ఆ సెట్టు పక్కన పెట్టి వేరేది తీశాడు.

ఆమె అడిగింది మంచి ప్రశ్న. పోలీసులు, ఇతర శాఖలు కూడా రేడియోలు వాడతాయి. మన మాట వాళ్ల మాటకు అడ్డం పడకూడదు. అందుకే లైసెన్సు పెట్టారు. అయితే 2018లో కేంద్ర ప్రభుత్వం ఒక వీలు కల్పించింది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే, అర వాటుకు మించని సెట్లకు లైసెన్సు అక్కర్లేదు. ఆ సెట్టుకు ప్రభుత్వ ఆమోద పత్రం ఉండాలి. దాన్ని ఇ.టి.ఎ. అంటారు. కొనేముందు అడిగి చూడాలి.

మరి అర వాటు సెట్టు ఎంత దూరం పలుకుతుంది? రేడియో మాట టార్చిలైటు వెలుతురు లాంటిది. అడ్డం లేకపోతే దూరం పోతుంది. కొండ అడ్డమొస్తే ఆగిపోతుంది. చెట్లు దట్టంగా ఉంటే తగ్గిపోతుంది. పెట్టెమీద రాసిన దూరం చూసి నమ్మవద్దు. అది ఏ అడ్డమూ లేని చోట లెక్క. మాట అందకపోతే ఎత్తయిన బండ ఎక్కి మాట్లాడాలి.

కొనేటప్పుడు ఇవి చూడండి:

1. పెన్సిల్ సెల్లుతోనూ, చార్జింగుతోనూ నడిచేది మేలు. కొండమీద కరెంటు ఉండదు.
2. బరువు తక్కువ ఉండాలి. వాన చినుకులకు చెడిపోకూడదు.
3. నొక్కే మీట పెద్దదిగా ఉండాలి.
4. మూడు సెట్లు కావాలి. ముందు నడిచేవాళ్లకు ఒకటి. వెనక నడిచేవాళ్లకు ఒకటి. కొండ కింద, సెల్లు సిగ్నల్ ఉన్నచోట ఆగిన మనిషికి ఒకటి. 108కి ఫోన్ చేయాల్సింది ఆ మనిషే.

వాడే పద్ధతి:

అన్ని సెట్లలో చానల్ అంకె ఒకటే పెట్టాలి. మీట నొక్కి మాట్లాడాలి. వదిలి వినాలి. ఇద్దరూ ఒకేసారి నొక్కితే మాట వినపడదు. చెప్పడం అయ్యాక "ఓవర్" అనాలి. అదే చానల్ పెట్టుకున్న ఎవరైనా మీ మాట వినగలరు. డబ్బు మాటలు, ఇంటి గుట్టు అందులో చెప్పవద్దు.

మరుసటి నెల సంఘం వాళ్లు పెంచలకోనకు పోయారు. ఈసారి పెద్దామె కొండ కింద కూర్చుంది. ఒక సెట్టు ఆమె చేతిలోనే ఉంది.

"అత్తా, వినపడతా ఉందా? ఓవర్."

"వినపడతా ఉంది. నీళ్లు తీసుకుపోయినారా? ఓవర్."

కొండమీద అందరూ నవ్వారు.

చదివి చెప్పండి:

1. కోడలు పెట్టెమీద ఏ అంకె కోసం చూసింది? ఎందుకు?
2. కొండ కింద ఒక మనిషి ఎందుకు ఉండాలి?
3. మీ ఊరి దగ్గర సెల్లు పలకని చోట్లు ఏవి? అక్కడికి పోయేవాళ్లు ఏం జాగ్రత్త పడాలి? పదిమందీ కూర్చుని మాట్లాడుకోండి. నాలుగు మాటలు రాయండి.