మందను తోలు శునకములు

మన పల్లెలలో గొల్లలు, కురుమలు పెంచు కుక్కలు మందను తోడేళ్ల బారినుండి కాయును. మందను తోలుట మాత్రము కాపరి పనియే. ఆ పనిని గూడ తామే నిర్వహించు కుక్కలు కొన్ని దేశములలో కలవు. వానిలో బోర్డర్ కాలీ, కెల్పీ అను రెండు జాతులు మిక్కిలి పేరొందినవి. ఈ రెండింటిలో నేది మేలైనదో విచారింతము.

ఇంగ్లండు, స్కాట్లండు దేశముల సరిహద్దునందలి కొండసీమ బోర్డర్ కాలీకి పుట్టినిల్లు. అచ్చటి గొఱ్ఱెలు కొండవాలులపై చెదరి మేయుచుండును. కాపరి క్రింద నిలిచి ఈలవేయగనే కుక్క దూరముగా చుట్టు తిరిగి మంద వెనుకకు చేరును. పిమ్మట నేలకు వంగి, మొఱుగక, ఱెప్పవాల్చక చూచును. ఆ చూపునకు లోబడియే గొఱ్ఱెలు కదలును. 1893వ సంవత్సరమున నార్తంబర్లండు సీమలో పుట్టిన హెంప్ అను కుక్క ఈ జాతికి మూలపురుషునివంటిది.

కెల్పీ ఆస్ట్రేలియాకు చెందినది. 19వ శతాబ్దమున బ్రిటనునుండి అచ్చటికి చేరిన కాలీ కుక్కల సంతతియే ఇది. కావున ఈ రెండును దాయాదులే. స్కాట్లండు కథలలోని యొక జలభూతము పేరు కెల్పీ. ఒక ఆడుకుక్కకు పెట్టిన ఆ పేరే జాతికెల్ల చెల్లినది. కుఱుచ వెండ్రుకలుగల కెల్పీ ఎండకును, ధూళికిని ఓర్చి పనిచేయును. దొడ్డిలో గొఱ్ఱెలు క్రిక్కిఱిసి కదలక నిలిచినచో, వాని వీపులపై కెక్కి పరుగిడి, ముందున అడ్డుపడిన వానిని మొఱిగి కదలించును.

ఈ రెండింటిని తావులు మార్చి చూడుడు. కొండవాలుపై కుక్క మొఱిగినచో చూలు గొఱ్ఱెలు బెదరి పరుగిడును, పిల్లలు నష్టపోవును. ఇఱుకు దొడ్డిలో వెనుక నిలిచిన కుక్క చూపు ముందున్న గొఱ్ఱెలకు కానరాదు. ఒత్తిడికి కొన్ని ఊపిరాడక చచ్చును. ఒకచోట గుణమైనది వేఱొకచోట దోషమగును. శిక్షణచే ఒకటి రెండవదాని పనిని కొంత నేర్వగలదు గాని, పుట్టుకతో వచ్చిన నేర్పు వేఱు.

ఉపాధ్యాయుడనై యున్నంతకాలము, మాటాడక చెప్పినట్లు చేయు బాలురనే నేను మెచ్చుకొంటిని. చొరవతో ముందునకు దూకువారిని అల్లరివారని కసరితిని. ఈ కుక్కల వృత్తాంతము తెలిసిన పిమ్మట ఆ తీర్పు తొందరపాటని తోచినది. విద్యార్థులారా! ఎవరు గొప్పయని యడుగుటకు ముందు, ఏ పనికి, ఏ తావున అని యడుగుడు.