గాలిమరల కరెంటు, సముద్రం నీళ్లు

పడమటి ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి 1970ల నడిమి నుంచి వానలు తగ్గుతూ వచ్చాయి. ఆనకట్టలకు చేరే నీరు అంతకన్నా వేగంగా పడిపోయింది. అందుకే 2006లో క్వినానా దగ్గర, కాక్‌బర్న్ సౌండ్ అనే అఖాతం ఒడ్డున, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు మొదలుపెట్టారు. అది రోజుకు సుమారు 14 కోట్ల లీటర్లు ఇవ్వగలదు.

సముద్రం నీటిని పైపులోకి మెల్లగా తీసుకోవాలి. జోరుగా లాగితే చేపపిల్లలూ వచ్చేస్తాయి. జల్లెడలు దాటాక, సన్నటి మడ్డి ముద్దకట్టేలా మందు కలిపి వడకడతారు. ఇక్కడ అశ్రద్ధ చేస్తే ఉప్పును ఆపే సన్నటి పొరలు, అంటే మెంబ్రేన్లు, పూడుకుపోయి కరెంటు ఖర్చు పెరుగుతుంది.

తర్వాతది అసలు పని. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దాన్ని వెనకే ఆపి నీటిని మాత్రం మెంబ్రేన్ దాటించాలంటే 60 బార్ల దాకా ఒత్తిడి కావాలి. అంటే చదరపు సెంటీమీటరు మీద 60 కిలోలకు పైగా బరువు మోపినట్టే. ఇంతా చేసి దక్కే మంచినీరు సగం లోపే. మిగిలిన చిక్కటి ఉప్పునీరు దాదాపు అదే ఒత్తిడితో బయటికొస్తుంది.

ఆ ఒత్తిడిని వదులుకోకపోవడమే ఈ ప్లాంటులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. గిర్రున తిరిగే సిరామిక్ రోటరు గొట్టాల్లో, బయటికి పోయే ఉప్పునీరు కొత్తగా వచ్చే నీటిని నేరుగా తోస్తుంది. ఒత్తిడిలో 95 శాతం దాకా దానికి చేరిపోతుంది. పెద్ద పంపు మీద భారం అంతమేరకు తగ్గుతుంది. ఇలాంటి ప్లాంట్లలో వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటుతో సరిపోతోందంటే ఆ రోటరు చలవే.

ఆ యూనిట్లకు బదులుగా పెర్త్‌కు ఉత్తరాన 200 కిలోమీటర్ల దూరంలోని ఎము డౌన్స్‌లో 48 గాలిమరలు గ్రిడ్‌కు కరెంటు పంపుతాయి. గాలి పడిపోయినా ప్లాంటు ఆగదు, గ్రిడ్ నుంచే తీసుకుంటుంది. గాలిమరలు పంపినదీ ప్లాంటు వాడినదీ ఏడాది లెక్కలో సరిపోయాయా అన్నది చూడాలి.

మంచినీటికి సున్నం, క్లోరిన్ కలిపి ఊరికి పంపుతారు. ఉప్పునీటిని నాజిళ్ల గుండా చిమ్మి సముద్రంలో కలుపుతారు. అఖాతం మూసుకున్నట్టుంటుంది కాబట్టి చిక్కటి ఉప్పునీరు అడుగున నిలిచిపోయి అక్కడ ఆక్సిజన్ తగ్గకుండా కాపలా కాయాలి.

చెన్నైకి మింజూరు ప్లాంటు నుంచి ఇదే పద్ధతిలో నీళ్లు రావడం 2010లో మొదలైంది. మన తీరంలో ఇలాంటి ప్లాంటు కడతామంటే, వెయ్యి లీటర్లకు ఎన్ని యూనిట్లు, అవి ఎక్కణ్ణుంచి, ఉప్పునీరు ఎక్కడికి అని శంకుస్థాపనకు ముందే అడగండి.