పెరట్లో తొండకు ఒక చోటు



పోయిన నెల ఒక సోమవారం పొద్దున నాలుగో తరగతి బాబు ఒకడు బ్యాగులోంచి ప్లాస్టిక్ డబ్బా తీసి నా టేబుల్ మీద పెట్టాడు. మూతకు మేకుతో నాలుగు చిల్లులు పొడిచాడు. లోపల ఒక తొండ. "మిస్, దీన్ని పెంచుకుంటా. పెరట్లో దీనికి ఇల్లు ఎట్లా కట్టాలి?" అని అడిగాడు. అప్పటికే పిలకాయలందరూ బెంచీలెక్కేశారు.

వాణ్ని కోప్పడలేకపోయాను. ఆ వయసులో నేనూ అదే పని చేశాను. మా అన్న గడ్డిపోచ ఉచ్చుతో పట్టిన తొండను హార్లిక్స్ సీసాలో పెట్టాను. దానికి ఎండ కావాలని అవ్వ చెబితే, సీసాను మిద్దె మీద ఎండలో ఉంచి బడికి పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే చచ్చిపోయి ఉంది. అవ్వ చెప్పింది నిజమే. కానీ ఎండతో పాటు ఇంకొకటి కూడా కావాలని నాకప్పుడు తెలియదు. ఈ నెల పాఠం దాని గురించే.

ఎండా కావాలి, నీడా కావాలి

మన ఒంటి వేడి ఏ కాలంలోనైనా 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ వేడిని మన శరీరమే తయారు చేసుకుంటుంది. తొండ, బల్లి, నలికిరి, ఉడుము అలా చేసుకోలేవు. అందుకే తొండ పొద్దున్నే గోడెక్కి ఎండ కాగుతుంది. ఒళ్లు వేడెక్కాక పురుగుల కోసం తిరుగుతుంది. వేడి ఎక్కువైతే పొదలోకి పోతుంది. రోజంతా ఎండకూ నీడకూ మధ్య అలా జరుగుతూనే ఉంటుంది.

మూత పెట్టిన సీసాను ఎండలో పెడితే, అద్దాలు మూసిన కారులాగా లోపలి గాలి కాసేపటికే బయటి గాలికన్నా వేడెక్కుతుంది. తొండ పక్కకు జరగడానికి నీడ ఉండదు. పోనీ అని డబ్బాను ఇంట్లో పెడితే తిన్నది అరగడానికి చాలినంత వేడి దొరకదు. ఎముకలకు కావాల్సిన డి విటమిన్ తయారు కావడానికి నేరుగా తగిలే ఎండ కావాలి. అందులోని అవసరమైన కిరణాలను మామూలు గాజు దాదాపుగా ఆపేస్తుంది.

చట్టం ఏమంటుంది?

ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. 2022 సవరణ తర్వాత ఈ నేరానికి 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. ఊసరవెల్లికీ చట్టం రక్షణ ఉంది. ఇగువానా లాంటి విదేశీ బల్లులు కొనాలనుకునే వారు ఒక సంగతి గమనించాలి. అంతర్జాతీయ ఒప్పందం కింద ఉన్న జాతులైతే పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. తొండ విషయంలో నేను పిల్లలకు చెప్పే మాట ఒక్కటే: పట్టవద్దు, దాన్నే మన దగ్గరికి రానిద్దాం.

ఆదివారం పని: తొండల మూల

దీనికి బోను అక్కర్లేదు, ఖర్చూ లేదు. పెరట్లో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు చోటు చాలు.

1. పొద్దుటి ఎండ పడే మూలను ఎంచుకోండి. మధ్యాహ్నానికి సగమైనా నీడ రావాలి. వాకిలికి, పిల్లలు ఆడుకునే చోటుకి దూరంగా ఉండాలి.

2. రాళ్లు, పగిలిన ఇటుకలు మోకాలి ఎత్తు పేర్చండి. మధ్యలో రెండు వేళ్లు పట్టే సందులు వదలండి. పైన ఒక బల్లపరుపు రాయి పెట్టండి. తొండ ఎండ కాగేది దాని మీదే. కింద పెద్ద రాళ్లు కదలకుండా ఉండాలి, లేకపోతే కుప్ప కూలి జీవి నలిగిపోతుంది.

3. ఒక ఎండు సరుగుడు కొమ్మను కుప్పకు ఆనించండి. పక్కన మందారమో గోరింటాకో నాటండి. రాలిన ఆకులను ఊడ్చేయకండి. పురుగులు చేరేది అక్కడే, తొండకు తిండి అదే.

4. ఒక అడుగు మేర మట్టిని గుల్లగా, కాస్త తడిగా ఉంచండి. ఆడ తొండ గొయ్యి తవ్వి గుడ్లు పెట్టి, మట్టి కప్పి పోతుంది. మైపాడు వైపు ఉత్త ఇసుకే కాబట్టి కొంచెం తోట మట్టి కలపండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలెక్కువ. నీళ్లు నిలవకుండా నేలను కాస్త ఎత్తు చేయండి.

5. లోతులేని మట్టి మూకుట్లో నీళ్లు, అందులో ఒక గులకరాయి పెట్టండి. నీళ్లు రోజూ మార్చండి, లేకపోతే దోమలు పెరుగుతాయి. ఆకుల మీద కూడా నీళ్లు చిలకరించండి. తొండలు ఆకుల మీది చుక్కలను నాకి తాగుతాయి.

ఇక చేయకూడనివి. ఆ మూలలో పురుగుమందు కొట్టకండి. మన వైపు చాలా ఇళ్లలో చేపల పాత వలను పెరడుకు కంచెగా కడతారు. నైలాను దారంలో తొండలు, పాములు చిక్కుకుని బయటికి రాలేక చచ్చిపోతాయి. దాన్ని తీసేసి కర్ర దడి కట్టండి. రాళ్ల కుప్పలోకి పాము కూడా రావచ్చు. పిల్లలు సందుల్లో చెయ్యి పెట్టకూడదు, చీకటి పడ్డాక అటు పోకూడదు. పొరపాటున తొండనో బల్లినో ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వాటి ఒంటి మీద సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు.

పిల్లలు అడిగే రెండు ప్రశ్నలు

తొండ రక్తం పీలుస్తుందా? లేదు. గుడ్లు పెట్టే కాలంలో మగ తొండ తల, గొంతు ఎర్రబడతాయి. తల ఆడించేది మనల్ని వెక్కిరించడానికి కాదు, ఇంకో మగ తొండను బెదిరించడానికి. దానికి విషం కూడా లేదు.

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందా? అది సామెత మాత్రమే. రెండూ వేరు వేరు జాతులు. ఊసరవెల్లి మెల్లగా నడుస్తుంది, తోకను చుట్టుకుంటుంది, రెండు కళ్లను రెండు వైపులకు తిప్పగలదు. తొండకు వీపు మీద ముళ్ల వరస, పొడవాటి తోక ఉంటాయి. అది ఉరుకుతుంది.

నోట్‌బుక్ పని

రెండు వారాల పాటు పొద్దున 8, మధ్యాహ్నం 12, సాయంత్రం 5 గంటలకు దూరం నుంచి చూసి నాలుగు గడుల్లో రాయించండి: టైము, ఎండా నీడా, తొండ ఎక్కడుంది, ఏం చేస్తోంది. స్కూలున్న రోజుల్లో మధ్యాహ్నం గడి మీరు నింపండి. తొండ కనిపించని రోజు "కనిపించలేదు" అనే రాయాలి, ఊహించి రాయకూడదు. ఈ నెల ఇంగ్లీష్ మాటలు మూడు: బాస్క్ అంటే ఎండ కాగడం, షేడ్ అంటే నీడ, షెల్టర్ అంటే తలదాచుకునే చోటు. ఈ మూడింటితో తలా ఒక వాక్యం రాయించండి.

ఆ బాబు అదే రోజు సాయంత్రం తన తొండను పట్టిన చెట్టు దగ్గరే వదిలేశాడు. ఆదివారం వాళ్ల నాన్నతో కలిసి రాళ్లు పేర్చాడు. వాడి నోట్‌బుక్‌లో మొదటి ఎనిమిది రోజులూ "కనిపించలేదు" అనే ఉంది. తొమ్మిదో రోజు పొద్దున 8 గంటల గడిలో "రాయి మీద. ఎండ. నన్ను చూస్తోంది" అని రాశాడు.

మీ పిల్లల నోట్‌బుక్‌ల కోసం ఎదురు చూస్తుంటాను.

మీ క్లాస్ టీచర్