సెడోనా రన్‌వే మీద చిన్న జెట్: దిగాలా, మానాలా?

అరిజోనాలో ఎర్రకొండల నడుమ ఒక బల్లపరుపు గుట్ట, దాని నెత్తిన సెడోనా విమానాశ్రయం. రన్‌వే పొడవు 5,132 అడుగులు, సముద్రమట్టానికి ఎత్తు 4,830 అడుగులు. రెండు కొసల్లోనూ నేల ఉన్నట్టుండి కిందికి జారిపోతుంది. కంట్రోల్ టవర్ లేదు. సొంత జెట్ నడుపుకునేవాళ్లకూ, డల్లాస్ నుంచో బే ఏరియా నుంచో చార్టర్ మాట్లాడుకుని వచ్చే మన కుటుంబాలకూ పనికొస్తాయని ఈ ప్రశ్నలు, జవాబులు.

దిగాలా వద్దా అన్నది చివరికి ఎవరి మాట?

పైలట్ ఇన్ కమాండ్ మాట. అమెరికా విమానయాన నిబంధనల్లో 91.3 ఈ సంగతి సూటిగా చెబుతుంది: విమానం నడిపే విషయంలో బాధ్యతా ఆయనదే, తుది అధికారమూ ఆయనదే. చార్టర్ కంపెనీ ముందే వద్దనవచ్చు, ఆ అధికారం దానికుంది. పైలట్ వద్దన్నాక మాత్రం దిగమనే అధికారం కంపెనీకీ లేదు, డబ్బు కట్టినవాళ్లకీ లేదు.

మా జెట్ మాన్యువల్ ప్రకారం దిగి ఆగడానికి 3,300 అడుగులు చాలు. రన్‌వే 5,132 ఉంది. ఇంకేం సందేహం?

విమానం ఏ పని మీద ఎగురుతోందన్నది మొదటి సందేహం. సొంత పని మీద, అంటే పార్ట్ 91 కింద ఎగిరితే, ఈ తరగతి చిన్న జెట్లకు ఇంత శాతం మిగలాలని చట్టం పట్టుబట్టదు. బయల్దేరే ముందు రన్‌వే పొడవు, దిగడానికీ లేవడానికీ పట్టే దూరం తెలుసుకుని తీరాలని 91.103 అంటుంది, అంతే.

అదే విమానం, అదే పైలట్, చార్టర్‌గా పార్ట్ 135 కింద వస్తే లెక్క మారిపోతుంది. ఉన్న రన్‌వేలో 60 శాతంలోపు ఆగేలా ఉంటేనే బయల్దేరాలి. 5,132లో 60 శాతం అంటే 3,079 అడుగులు. 3,300 కావాల్సిన విమానం ఆ బరువుతో ఇక్కడికి బయల్దేరకూడదు. చేరేసరికి రన్‌వే తడిగా ఉంటుందని వాతావరణ సూచన చెబితే, కావాల్సిన రన్‌వే పొడవుకు ఇంకో 15 శాతం కలపాలి. అప్పుడు పొడి నేల మీది దూరం 2,677 అడుగులు మించకూడదు. విమానాశ్రయాన్ని ముందే విశ్లేషించి, ప్రత్యేక అనుమతి తీసుకున్న కొన్ని కంపెనీలకు 60 బదులు 80 శాతం వర్తిస్తుంది. మీ కంపెనీ ఏ లెక్కన నడుస్తోందో అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

మాన్యువల్ అంకె ఎలా వచ్చిందో కూడా గుర్తుంచుకోవాలి. రన్‌వే మొదటి అంచును సరిగ్గా 50 అడుగుల ఎత్తులో, సరిగ్గా చెప్పిన వేగంతో దాటి, గట్టిగా బ్రేకు వేస్తే వచ్చే దూరం అది. మామూలు మూడు డిగ్రీల దారిలో అంచును పదడుగులు ఎత్తుగా దాటారా, దాదాపు 190 అడుగుల రన్‌వే పోయినట్టే. పైగా సైటేషన్ సీజే3, ఫీనమ్ 100 లాంటి చిన్న జెట్లకు ఇంజన్ తోపును ఎదురు తిప్పే థ్రస్ట్ రివర్సర్లు ఉండవు. నేల తాకాక ప్రధానంగా బ్రేకులే దిక్కు.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ చెప్పే 15 శాతం, పైన తడి రన్‌వేకు చెప్పిన 15 శాతం ఒకటేనా?

కాదు, అది వేరు. 2005 డిసెంబరులో షికాగో మిడ్‌వేలో ఒక బోయింగ్ 737 మంచులో రన్‌వే దాటి రోడ్డు మీదికి వెళ్లింది. దిగబోయే ముందు అప్పటి గాలి, అప్పటి తడి, అప్పటి బరువుతో దూరం మళ్లీ లెక్కగట్టి, దానిపైన కనీసం 15 శాతం కలుపుకోమని ఎఫ్‌ఏఏ ఆ తర్వాతే చెప్పింది. ఇది సలహా, చట్టం కాదు. కానీ సెడోనాలో ఈ సలహాను చట్టంలా పాటించనివాళ్లను నేనైతే నమ్మను.

మే, జూన్ ఎండల్లో తేడా ఎంత?

చాలా. 35 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి, విమానం లెక్కలో, సుమారు 8,400 అడుగుల ఎత్తున ఉండే గాలితో సమానం. మీటరు మీద 100 నాట్లు కనిపిస్తుంటే గాలిలో అసలు వేగం 113 దాటుతుంది. సముద్రమట్టం దగ్గరి మామూలు రోజుతో పోలిస్తే బ్రేకులు మింగాల్సిన శక్తి పావు వంతుకు పైగా ఎక్కువ.

దిగడం కుదిరినా అక్కడితో అయిపోదు. మళ్లీ లేవాలి. లేచేటప్పుడు ఒక ఇంజన్ ఆగితే మిగిలిన రన్‌వేలో నిలవగలగాలి, లేదా ఒక్క ఇంజన్‌తో కొండలు తప్పించుకుని ఎక్కగలగాలి. మధ్యాహ్నం మూడింటికి నిండు ఇంధనంతో అది కుదరకపోవచ్చు. పొద్దున్నే, తక్కువ ఇంధనంతో లేచి దగ్గరి పెద్ద విమానాశ్రయంలో నింపుకునేలా ముందే అనుకోవాలి.

ఏ కొస నుంచి దిగాలి?

రన్‌వే ఈశాన్యం వైపు ఎక్కుడుగా ఉంటుంది. రెండు కొసల మధ్య సుమారు 90 అడుగుల తేడా. గాలి నెమ్మదిగా ఉంటే రన్‌వే 3 మీద (ఈశాన్యం వైపు) ఎగువకు దిగి, రన్‌వే 21 మీద (నైరుతి వైపు) దిగువకు లేవడం ఆనవాయితీ. చిక్కల్లా వెనక గాలితోనే. పది నాట్ల వెనక గాలి దూరాన్ని దాదాపు ఐదో వంతు పెంచేస్తుంది, చాలా చిన్న జెట్లకు మాన్యువల్ హద్దు కూడా అక్కడే. ఎక్కుడు కాపాడుతుందిలే అనుకుని వేగంగా వస్తే అది కాపాడదు. 2011 మే నెలలో ఒక ఫీనమ్ 100 ఈ 3 మీదే దిగి, చివర దాటి వాలులోకి వెళ్లింది.

ఎక్కుడు రన్‌వే కళ్లను కూడా మోసం చేస్తుంది. ఉన్న ఎత్తు కంటే ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు అనిపించి, తెలియకుండానే కిందికి దించేస్తారు. అందుకే నేల నుంచి 500 అడుగుల ఎత్తు దగ్గర వేగం, దారి కుదరకపోతే మారు మాట్లాడకుండా మళ్లీ పైకి లేవాలి.

"ఒక్కసారి ట్రై చేయండి సార్" అని పైలట్‌ను అడగడం తప్పా?

చట్టప్రకారం నేరం కాదు. అయినా అడగొద్దు. 2001 మార్చి 29న కొలరాడోలోని ఆస్పెన్‌లో చీకటి పడే వేళ ఒక చార్టర్ గల్ఫ్‌స్ట్రీమ్ జెట్ కూలి, అందులో ఉన్న 18 మందీ చనిపోయారు. కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో దిగమని చార్టర్ కస్టమర్ నుంచి కెప్టెన్‌పై వచ్చిన ఒత్తిడిని కూడా అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ పేర్కొంది.

ముందు రోజే పైలట్‌తో ఒక మాట అనేస్తే మంచిది: "కుదరకపోతే ఫ్లాగ్‌స్టాఫే, మేం ఏమీ అనుకోం." ఫ్లాగ్‌స్టాఫ్ రన్‌వే 8,800 అడుగులు. ఎత్తు కూడా 7,014 అడుగులు కాబట్టి అక్కడా లెక్క కట్టాల్సిందే, కానీ చోటుంది. అక్కడి నుంచి సెడోనాకు కారులో గంటలోపే.

దారి మళ్లిస్తే డబ్బు వెనక్కి వస్తుందా?

ఎయిర్‌లైన్లలో సీటు ఇవ్వకపోతే వచ్చే పరిహారం లాంటిది చార్టర్‌కు వర్తించదు. ఒప్పందంలో ఏముంటే అదే. మళ్లింపు ఖర్చు, అదనపు ఎగిరే గంటలు, ఖాళీ విమానాన్ని తిరిగి తెచ్చుకునే ఖర్చు ఎవరివో సంతకానికి ముందే చదవండి. బ్రోకర్ ద్వారా మాట్లాడుకుంటే, నిజంగా విమానం నడిపే కంపెనీ పేరు మీకు చెప్పి తీరాలని 2019 నుంచి నిబంధన ఉంది. ఆ పేరు కనుక్కోండి. ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి కారు ఎవరు పెడతారో కూడా ఒప్పందంలోనే రాయించుకోండి.