నివురుగప్పిన నిప్పు, బొంగులో చికెన్

సెమిస్టర్ పరీక్షలు అవగానే వైజాగ్ స్టూడెంట్ల నోట వచ్చే మొదటి మాట "అరకు పోదామా?" రెండోది "బొంగులో చికెన్ మనమే వండేద్దాం!" మంచిదే. కానీ గ్యాస్ స్టవ్ మీద వండడం వేరు, అడవి పక్కన కట్టెల మంట మీద వండడం వేరు. నేను మెటలర్జీ విద్యార్థిని, నిప్పు మా సబ్జెక్టే కాబట్టి నాలుగు ముక్కలు చెప్తాను.

ముందు చోటు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. అనుమతి ఉన్న క్యాంపు స్థలంలోనే పొయ్యి పెట్టాలి. ఆకు రాలి ఎండిపోయే వేసవిలో, గాలి ఎక్కువగా ఉన్న రోజున ఆ ఆలోచనే వద్దు. చుట్టూ ఐదడుగుల మేర మట్టి కనబడేదాకా ఆకులు ఊడ్చేయండి. పైన కొమ్మలు ఉండకూడదు. గెడ్డలోంచి తీసిన తడి రాళ్లు పొయ్యికి వాడొద్దు. లోపలి నీరు ఆవిరై రాయి పగిలి ముక్కలు ఎగరొచ్చు. పెట్రోలు పోసి అంటించే హీరోయిజం అసలే వద్దు.

ఇక బొంగు. పచ్చిదే ఎందుకంటే, దాని గోడలో తేమ ఉన్నంతసేపు వెదురు తొందరగా అంటుకోదు, ముక్క తన సొంత ఆవిరిలోనే ఉడుకుతుంది. అడుగున కణుపు ఉంచి, పైమూతికి ఆకులు మాత్రమే కుక్కండి. ఆవిరి పోవడానికి దారి కావాలి. రెండువైపులా కణుపు మూసి ఉన్న బొంగు నిప్పుల్లో పడితే అది సేఫ్టీ వాల్వ్ లేని ప్రెజర్ కుక్కరే, పేలుతుంది. చికెన్ లోపల 74 డిగ్రీల సెల్సియస్ దాటాలి. థర్మామీటర్ లేకపోతే పెద్ద ముక్క కోసి చూడండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే మళ్లీ నిప్పుల మీదికే.

అసలు పాఠం వంట అయ్యాకే. కోక్ ఓవెన్ నుంచి బయటికొచ్చే కోక్ సుమారు 1000 డిగ్రీల వేడి మీద ఉంటుంది, గాలి తగిలితే మండిపోతుంది. మన స్టీల్ ప్లాంట్‌లో దాన్ని నైట్రోజన్‌తో చల్లారుస్తారు. ఆక్సిజన్ అందదు, వేడీ దిగుతుంది. రెండూ జరగాలి. పొయ్యి మీద మట్టి కప్పేసి వచ్చేస్తే గాలి తగ్గుతుంది గానీ, నివురు దుప్పటిలా వేడిని దాచేస్తుంది. అర్ధరాత్రి గాలికి మట్టి చెదిరితే నిప్పు మళ్లీ రాజుకుంటుంది. "నివురుగప్పిన నిప్పు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. అందుకే నీళ్లు పోయండి, కర్రతో కలపండి, మళ్లీ పోయండి. చెయ్యి దగ్గర పెట్టినా వెచ్చదనం తెలియకూడదు. చలిగా ఉందని నిప్పులు టెంట్‌లోకి తీసుకెళ్లొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అగ్గిపుల్ల గీసే ముందే రెండు క్యాన్ల నీళ్లు పక్కన పెట్టుకోండి, ఒకటి వంటకి, ఒకటి ఆర్పడానికి. మనం సాయంత్రానికి బస్సెక్కేస్తాం. చెట్ల నీడన కాఫీ, మిరియాలు పండించుకునే గిరిజనులు మాత్రం ఆ కొండ మీదే ఉంటారు. బస్సు తప్పిపోయినా సరే, బూడిద చల్లబడ్డాకే బయల్దేరదాం.