వసంతమున ఇంటి నీటిగొట్టముల సంరక్షణ

ఫాల్గుణమాసము ముగియుచుండగనే మన ఇండ్లలో ఉగాది సన్నాహము మొదలగును. గోడలకు సున్నము వేయుదుము; గడపలకు పసుపు పూయుదుము; అటుకమీది సామానును దింపి దుమ్ము దులుపుదుము. కాని ఇంటిలోనికి నీటిని తెచ్చు గొట్టమును, ఆ నీటిని నిలువయుంచు తొట్టిని ఆ దినములలో పరీక్షించువారు అరుదు. ఇల్లలుకగానే పండుగ కాదను సామెత ఈ విషయమున చక్కగా వర్తించును. నీరు పారించుటకు ముందు కాలువ పూడిక తీయని రైతు లేడు. ఎండలు ముదురుటకు ముందు ఇంటి గొట్టమును గూడ అట్లే చూచుకొనవలెనని తెలుపుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతముల వారికి ఇది పొదుపునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. 1970 తరువాత పటాన్‌చెరు పరిసరములలో పరిశ్రమలు విస్తరించినవి. వాటి వ్యర్థజలములు నక్కవాగు గుండా మంజీరలోనికి ప్రవహించినవి. వాగు ఒడ్డు పొలములు చెడినవి. అనేక గ్రామములలో బావినీరు త్రాగుటకు పనికిరాకపోయినది. 1990లో ఈ విషయము సుప్రీంకోర్టునకెక్కెను. బాధిత గ్రామములకు త్రాగునీరు, రైతులకు నష్టపరిహారము ఇవ్వవలెనని ఉత్తరువులు వెలువడినవి. 2007లో ప్రచురింపబడిన ఒక పరిశోధన పటాన్‌చెరు వ్యర్థజల శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తెలిపెను. 2016లో ప్రారంభింపబడిన మిషన్ భగీరథ పథకమున నదీజలమును శుద్ధిచేసి గొట్టములద్వారా ఇండ్లకు పంపు ఏర్పాటు జరిగినది. ఇట్లు శుద్ధమైన నీరు గొట్టము లోపలను, నమ్మరాని నీరు దాని వెలుపలను ఉన్నవి. ఈ రెంటికి నడుమ నున్నది పలుచని గొట్టపు గోడ యొక్కటియే.

గొట్టము కారినచో నీరు వెలుపలికి పోవునే గాని, వెలుపలి నీరు లోనికెట్లు వచ్చునని కొందరడుగవచ్చును. కాలువ నిండుగా పారునప్పుడు గట్టునకు బొక్క పడినచో నీరు పొలములోనికి పోవును. కాలువ తగ్గి, పొలమున నీరు నిలిచియున్నచో ఆ నీరే అదే బొక్కగుండా కాలువలోనికి తిరిగివచ్చును. గొట్టము సంగతియు నిట్టిదే. నీరు వదలిన వేళ ఒత్తిడివలన లోపలినీరు వెలుపలికి కారును. నీరు కట్టివేసిన వేళ ఒత్తిడి తగ్గి, చుట్టునున్న మురుగు ఆ సందుగుండా లోనికి చొచ్చును. కనుక కారుచున్న అతుకు నష్టమునకే గాక రోగమునకును ద్వారము.

వసంతమున చేయదగిన పనులను ఇక చెప్పుచున్నాము.

మొదటిది, కారుటను కనిపెట్టుట. రాత్రి పడుకొనుటకు ముందు అన్ని కుళాయిలను మూసి, తొట్టిలోనికి వచ్చు నీటిని గూడ కట్టి, ఎండుకట్టెను తొట్టి అడుగువరకు నిలువుగా ముంచి తడిసినమేర గుర్తు పెట్టవలెను. తెల్లవారి మట్టము తగ్గినచో ఎచ్చటనో కారుచున్నది. మరునాటి రాత్రి తొట్టి క్రింది వాల్వును గూడ మూసి చూడవలెను. అప్పుడును తగ్గినచో దోషము తొట్టిదే; తగ్గనిచో ఇంటిలోని గొట్టములదో కుళాయిలదో అని గ్రహింపవలెను. సెకండునకొక చుక్క చొప్పున కారు కుళాయి దినమునకు 86,400 చుక్కలు వదలును. 20 చుక్కలను ఒక మిల్లీలీటరుగా లెక్కించినచో అది 4 లీటర్లకు పైమాట. పలుమారు చిన్న వాషరు మార్చుటతోనే ఈ దోషము తీరును.

రెండవది, వీధినుండి ఇంటికి వచ్చు గొట్టము. నీరు వదలిన వేళ ఆ దారివెంట నేల చెమ్మగిల్లుచున్నదేమో, తక్కినచోట ఎండినను అచ్చటనే గడ్డి పచ్చగానున్నదేమో చూడవలెను. కుళాయినుండి మొదట వచ్చు నీరు బురదగానో వాసనగానో ఉన్నచో అతుకు వదలినదని అనుమానింపవలెను. గొట్టము మురుగుకాలువలో మునిగియున్నచో పైకెత్తి వేరుదారిని త్రిప్పవలెను. ఎండ తగులు పి.వి.సి. గొట్టము కాలక్రమమున పెళుసుబారును గనుక దానిని మట్టిలో పూడ్చుటయో, రంగు పూయుటయో మంచిది.

మూడవది, తొట్టిని కడుగుట. నీరంతయు తీసి, అడుగు మడ్డిని తోమి పారవేయవలెను. పిమ్మట 1,000 లీటర్ల తొట్టికి 150 గ్రాముల తాజా బ్లీచింగు పొడిని బకెట్టు నీటిలో కలిపి, తేరిన నీటిని తొట్టిలో పోసి నిండుగా నింపవలెను. ప్రతి కుళాయిని ఆ వాసన వచ్చువరకు తెరచి మూసి, ఒక దినమట్లుంచవలెను. ఆ నీటిని మనుష్యులు గాని పశువులు గాని త్రాగరాదు, పైరునకు పెట్టరాదు. దానిని వదలివేసి, మంచినీటితో కడిగి, మరల నింపుకొనవలెను. మూత బిగువుగా నుండవలెను.

నాలుగవది అన్నింటికంటె ముఖ్యము. బోరు గొట్టమును కుళాయి గొట్టముతో ఎన్నడును కలుపరాదు. వేసవిలో నీరు చాలదని కొందరు రెంటిని ఒకే తొట్టికి చేర్చుదురు. నడుమ వాల్వు ఉన్నదిగదా యని ధైర్యపడుదురు. ఆ వాల్వు అరిగిననాడు బోరునీరు వీధిగొట్టములోనికే పోగలదు. రెంటికి వేరువేరు తొట్లు, వేరువేరు కుళాయిలు ఉండవలెను.

కాచిన నీరు నిరపాయమని మనము నమ్ముదుము. కాచుటవలన క్రిములు చచ్చునుగాని, నీటిలో కరిగిన లవణములు, ఫ్లోరైడు తొలగవు. నీరు ఆవిరియైనకొలది అవి చిక్కబడును. త్రాగునీటిలో కరిగిన పదార్థములు లీటరునకు 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదని భారత ప్రమాణము చెప్పుచున్నది. వేరు ఆధారము లేనప్పుడు మాత్రమే వరుసగా 2,000, 1.5 వరకు అనుమతించుచున్నది. బోరునీటిని పరీక్ష చేయింపక త్రాగుట తగదు.

కడపట ఒక మాట. వీధిగొట్టమునకు మోటారు తగిలించి నీరు లాగుకొనువాడు తన బిందె నిండెనని సంతోషించును. ఆ లాగుడువలన గొట్టములో ఒత్తిడి పడిపోయి, పొరుగువాని అతుకుగుండా మురుగు లోనికి వచ్చును. ఆ నీరు చివరకు తన బిందెలోనికే చేరవచ్చును. ఒక సభ్యుడు అప్పు చెల్లింపనిచో సంఘమంతటికి భారమగునని మనమెరుగుదుము. గొట్టమును అట్టి ఉమ్మడి ఆస్తియే. ఈ ఉగాదికి ప్రతి సభ్యుడు తన ఇంటి గొట్టమును, వీధివారందరు కలసి తమ వీధి గొట్టమును పరీక్షించుకొందురుగాక. ఒక పూట పనితో వేసవియంతయు పిల్లలకు మంచినీరు దక్కును.